ఆ నాడి ఎవరిది?

మొసలి కడుపులోంచి టార్చిలైటు వెలుగుతూ కనిపించిందని డిటెక్టివ్ పైడిబాబు చెప్పేసరికి ఆరేళ్ళ సాయి ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చుంది.

"సచ్చీ, తాతా?"

"అబద్ధమైతే నా మీసం తీసేయ్. మా హెడ్డుగారి టార్చిని మింగేసింది. మడ అడవిలో అది నోరు తెరిచినప్పుడల్లా వెలుతురు. పడవలవాళ్ళు మూడు రోజులు దాన్నే లైట్‌హౌస్ అనుకుని దారి తప్పారు. నాలుగో రోజు నేను బల్లకట్టు మీద నిలబడి చూస్తున్నానా, నీళ్ళలో చిన్న వెలుగు. దగ్గరకొచ్చింది. ఇంకా దగ్గరకొచ్చింది. ఇక్కడికి, నీ మంచం అంత దూరానికి వచ్చి..."

పిల్ల చెవి పక్కనే ఫెళ్ళుమని చప్పట్లు చరిచాడు. సాయి కెవ్వుమని అరిచి పక్కనున్న నాయనమ్మ గవరమ్మ చెయ్యి వాటేసుకుంది. గవరమ్మ ఉలిక్కిపడింది. గుమ్మంలో ఉన్న డాక్టర్ అపర్ణ కూడా ఉలిక్కిపడి ఫైలు జారవిడిచింది.

పైడిబాబు మాత్రం మానిటర్ వైపు చూశాడు. పిల్ల వేలికి పెట్టిన క్లిప్పు, దాని తీగ, తీగ చివర మిషను. మిషను మీద రెండు అంకెలు. పైది రక్తంలో ఆక్సిజన్: తొంభై ఎనిమిది. కిందది నాడి: తొంభై రెండు. మొసలి రాకముందు తొంభై రెండే. వచ్చాకా తొంభై రెండే.

ముప్ఫై నాలుగేళ్ళ పోలీసు ఉద్యోగంలో పైడిబాబు కోతలకి ఎస్పీలు దడుచుకున్నారు. చాతం రంపపు మిల్లులో దుంగని వాసన చూసి అది ఏ దీవిలో పెరిగిన చెట్టో, దొంగిలించినవాడు పొద్దున్న ఏం తిన్నాడో చెప్పాడని ఆయనే చెప్పుకుంటాడు. ఆ మొసలికి అదరని గుండె ఇదే మొదటిది. కాస్త నొచ్చుకున్నాడు కూడా.

"ఈ అంకె కదలదేం డాక్టరమ్మా? మిషను పాడైందా?"

అపర్ణ ఫైలు తీసుకుని నవ్వింది. "మిషను బాగానే ఉంది. సాయి భయపడింది, కానీ ఆ భయం గుండెదాకా వెళ్ళలేదు. మనం పరిగెత్తితే గుండె వేగం పెరగడం, ఎండకి చెమట పట్టడం, వెలుతురుకి కంటిపాప చిన్నదవడం, ఇవన్నీ మనం చెప్పకుండా జరిగే పనులు కదా. వాటిని నడిపే నరాల వ్యవస్థ ఈ పాపకి పుట్టుకతోనే మందకొడి. అన్నిటికన్నా పెద్ద చిక్కు ఊపిరితో. మెలకువలో బానే తీసుకుంటుంది. నిద్ర పట్టిందా, ఊపిరి తియ్యమని మెదడు చెప్పడం మానేస్తుంది. అందుకే కునుకు తీసినా సరే, ముక్కుకి మాస్కు పెట్టి మిషనుతో గాలి అందించాలి."

"పెట్టకపోతే గింజుకుంటుందా?"

"అదే కదా భయం. ఊపిరాడట్లేదన్న బాధే తెలీదు. హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటుంది. గోళ్ళు, పెదాలు నీలంగా మారితే తెలియాలి. లేదా ఆ క్లిప్పు కూత పెట్టాలి."

పైడిబాబు సాయి వేళ్ళు చూశాడు. గోరింటాకు. ఆషాఢం కదా, అరచేతుల్లో చందమామలు, వేళ్ళకి టోపీలు. ఎర్రగా, నల్లగా పండాయి. ఆ గోళ్ళలో నీలం వెతకాలంటే దేవుడు దిగి రావాలి.

ఆయన ఈ కేసులోకి వచ్చి మూడు గంటలే అయింది. మంగళవారం మధ్యాహ్నం ఆస్టినాబాద్‌లోని ఇంట్లో సాయి స్పృహ తప్పింది. ఆ సమయంలో ఇంట్లో ఉన్నది పిల్లని చూసుకునే నర్సు మంజు, నాయనమ్మ గవరమ్మ. తండ్రి గణేశ్వరరావు ఓడలో పనిమీద క్యాంబెల్ బే వైపు వెళ్ళాడు. తల్లి శ్రీలక్ష్మి స్కూల్లో పాఠం చెబుతోంది. మంజు మాస్కు తప్పుగా పెట్టడం వల్లే ఇలా అయిందని గవరమ్మ ఫిర్యాదు చేసింది. ఎస్సై లోకేష్ మర్నాడు సాయంత్రం మంజుని పట్టుకుపోయాడు. ఇవాళ గురువారం, మూడు గంటలకి కోర్టులో హాజరుపరుస్తాడు.

శ్రీలక్ష్మి పొద్దున్నే బతు బస్తీలో పైడిబాబు గుమ్మం ఎక్కి ఒకే మాట చెప్పింది: "బాబాయిగారూ, ఈ దీవుల్లో నా పిల్లకి మాస్కు పెట్టి నిద్రపుచ్చడం తెలిసింది మాకిద్దరికే, నాకూ మంజుకీ. నేను ఉద్యోగం మానలేను. మంజు జైలుకెళ్తే సాయి బతకదు. నిజంగా తనే చేసి ఉంటే, తనుండగా కూడా బతకదు. ఏదో ఒకటి ఇవాళే తేలాలి."

కేసు ఒప్పుకోడానికి పైడిబాబుకి ఆ మాట చాలు. లోకేష్ పేరు వినగానే ఇంకో కారణం కూడా దొరికింది. ఆ కుర్రాడికి వేలిముద్ర ఎత్తడం నేర్పింది తనే. పోయిన నెల పేపర్లో వాడి ఫోటో పడితే పైడిబాబు భార్య కళ్ళజోడు పెట్టుకుని మరీ చూసి, "ఎంత బావున్నాడో చూడండి, మీరు ఎప్పుడైనా ఇలా పడ్డారా?" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంటికి పేపరు రావడం లేదు.

"మంజు దీదీ కబ్ ఆయేగీ, తాతా?" అంది సాయి. "దీదీ వచ్చి కథ చెప్తేనే నాకు నిద్దరొస్తుంది."

గవరమ్మ చేతిలోని నారింజ తొనలు నలిగాయి. పైడిబాబు ఆ చెయ్యి చూశాడు, ఆ తర్వాత ముఖం చూశాడు. ఆ చూపు ఆయనకి బాగా తెలుసు. రోజూ గెడ్డం గీసుకునేటప్పుడు అద్దంలో కనిపించేదే.

వరండాలోకి పిలిచి అడిగాడు.

"మంగళవారం నాడు ఏం జరిగిందో మళ్ళీ చెప్పమ్మా."

"ఎన్నిసార్లు సెప్పాలి బావూ? నీళ్ళొచ్చాయని ఆ మంజు బిందెలట్టుకుని ఎల్లింది. గుంట, అదే నా మనవరాలు, బొమ్మలు సూసుకుంటంది. నాను వంటింట్లో ఉన్నాను. అది తిరిగొచ్చి మాస్కు తగిలించింది. అంతే, గుంట కళ్ళు తేలేసింది."

"అంతదాకా పాప మెలకువగానే ఉందా?"

"ఉంది."

"మంజు అంటే నీకు పడదట కదా."

"ఎవలు సెప్పారు? నా కోడలా?" గవరమ్మ కొంగు దోపుకుంది. "నాకెందుకు పడతాది? నలుగుర్ని కన్నాను, పదకొండు మందిని నిద్రపుచ్చాను ఈ ఒళ్ళో. ఒక్కడికీ మూతికి గొట్టం పెట్టలేదు. శ్రీకాకుళం నుంచి ఓడెక్కి మూడు రోజులు కక్కుకుంటా వచ్చాను, మనవరాలిని ఎత్తుకోడానికి. ఇక్కడేటి? గుంట నా ఒళ్ళో తలెట్టగానే ఆ మంజు పరిగెత్తుకొచ్చి 'నహీ మాజీ, నహీ మాజీ' అని లాక్కుపోతాది. రెండేళ్ళయి గుంట నా ఒళ్ళోకే రాదు. దాని జీతం కోసం ఆ మిసను అరుపులు. తెలీదనుకున్నావా?"

"ఆ గోరింటాకు నువ్వే పెట్టావా?"

"సోమవారం పెట్టాను. అదొక్కటీ పెట్టనిచ్చింది మహాతల్లి."

డాక్టర్ అపర్ణ బయటకొచ్చి, ఐసీయూ నుంచి పొద్దున్నే మార్చిన గది కాబట్టి ఒక్కరే ఉండాలని చెప్పింది. ఇంటి తాళం తీసి చూపించాలి కాబట్టి, మందులు కొని అప్పుడే వచ్చిన శ్రీలక్ష్మి పైడిబాబుతో బయల్దేరింది. గవరమ్మ పిల్ల దగ్గర ఉంది. అప్పుడు టైము పన్నెండూ పది.

పన్నెండూ నలభైకి ఆస్టినాబాద్ ఇంట్లో హాలు. కిటికీ పక్కన చాప. చాప పక్కన స్టూలు మీద మాస్కు మిషను, దాని పక్కన వేలి క్లిప్పు ఉన్న చిన్న పెట్టె. గుమ్మం నుంచి వీధి కొళాయికి ఇరవై అడుగులు.

"రెండు రోజులకోసారి అరగంట నీళ్ళొస్తాయి," అంది శ్రీలక్ష్మి. "ఆ అరగంట పోతే బిందె నీళ్ళు కూడా ఉండవు. అందుకని మంజు వెళ్ళే ముందు పాప వేలికి క్లిప్పు తగిలించి వెళ్తుంది. కునుకు పట్టి ఆక్సిజన్ తగ్గితే అది కూస్తుంది. కొళాయి దగ్గరికి వినిపిస్తుంది. బిందె వదిలేసి పరిగెత్తుకొస్తుంది. చాలాసార్లు అలా వచ్చింది."

"మంగళవారం కూసిందా?"

"మంజు లోపలికొచ్చేదాకా కూయలేదు. అందుకే కదా అందరూ పాప మెలకువగా ఉందనుకుంటున్నారు."

పైడిబాబు చాప మీద చతికిలబడ్డాడు. క్లిప్పు తీగని జానలతో కొలిచాడు. ఆరు జానలు. వంటింటికి అందదు, కిటికీకి అందదు. చాప మీద కూర్చున్నవాళ్ళకే అందుతుంది. వెనక్కి జరిగి గోడకి ఆనుకున్నాడు. మెడ వెనక ఏదో జిడ్డు తగిలింది. తిరిగి చూస్తే కొత్త నూనె మరక, తన తల కన్నా బెత్తెడు కింద. ముక్కు ఆనించాడు. ఆముదం కలిపిన కొబ్బరినూనె.

"అమ్మా, ఇంట్లో ఆముదం ఎవరు రాసుకుంటారు?"

శ్రీలక్ష్మి జవాబు చెప్పేలోపు గుమ్మంలో బూట్లు చప్పుడయ్యాయి.

"అరె గురూజీ. గోడల్ని వాసన చూస్తున్నారా? నేను ఎంక్వయిరీ చేసిన చోట మీకు ఏం మిగిల్చాననుకున్నారు?"

లోకేష్. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, పేపర్లో పడ్డ ముఖం.

"నువ్వు తిన్న విస్తట్లో మెతుకులు ఏరుకోడానికి వచ్చాను ఎస్సై బాబూ. నువ్వు చిన్నప్పటి నుంచీ సరిగా తినేవాడివి కాదు."

"తినే ఉంటే ఇలా స్మార్ట్‌గా ఉండేవాణ్ణా?" పెట్టె దగ్గరకి వచ్చి బటన్ నొక్కాడు. "మీరు చూడాల్సింది గోడ కాదు, ఇది. నిమిషం నిమిషం లెక్క దీని మెమరీలో ఉంది. నేనే పట్టాను. ఒకటీ ఇరవై నుంచి ఒకటీ యాభై దాకా ఆక్సిజన్ తొంభై ఎనిమిది. పాప బ్రహ్మాండంగా ఉంది. మంజు లోపలికొచ్చింది. ఒకటీ యాభై రెండుకి అరవై ఒకటి. దేఖా? ఒక్క నిమిషంలో ముంచేసింది. కేస్ ఖతమ్."

పైడిబాబు కళ్ళజోడు తీసి తుడుచుకుని, మెల్లగా అంకెలు చదివాడు. లోకేష్ చదివింది పైవరస. ఆయన చదివింది కిందవరస.

ఒకటీ ఇరవై మూడు: నాడి తొంభై రెండు.
ఒకటీ ఇరవై నాలుగు: అంకె లేదు, గీతలు.
ఒకటీ ఇరవై అయిదు: నాడి యాభై ఆరు.

అక్కడి నుంచి యాభై అయిదు, యాభై ఏడు, యాభై ఆరు. ఒకటీ యాభై ఒకటికి మళ్ళీ గీతలు. ఒకటీ యాభై రెండుకి తొంభై మూడు.

పైడిబాబుకి ఆ గీతల అర్థం తెలిసిపోయింది. అక్కడే చెప్పేసి ఉంటే ఆయన మంచి మనిషే అయ్యేవాడు. కానీ పేపర్లో ఫోటో గుర్తొచ్చింది. భార్య కళ్ళజోడు గుర్తొచ్చింది. దొరికిన చేపని గాలం మీదే కాసేపు ఆడించాలనిపించింది.

"ఎస్సై బాబూ, కొళాయి దగ్గర మంజుని ఎంతమంది చూశారు?"

"పదిమంది. నా దగ్గర స్టేట్‌మెంట్లున్నాయి. ఒకటీ ఇరవై నుంచి ఒకటీ యాభై దాకా అక్కడే ఉంది. పిల్లని వదిలేసి కబుర్లు."

"గట్టి సాక్షులేనా? కోర్టులో తిరగబడరు కదా?"

"రమణయ్య గారు వాళ్ళలో ఒకరు. రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన గడియారం చూసి మరీ చెప్పారు."

"శభాష్. ఒక్కొక్కరి పేరూ చెప్పు, వింటాను."

లోకేష్ చెప్పాడు. పైడిబాబు ఒక్కొక్కరి ఊరూ, పేరూ, వాళ్ళ తాతల ఉద్యోగమూ అడిగాడు. కొళాయి దగ్గర బిందెల వరస అడిగాడు. వాడి గొయ్యి వాడిచేతే తవ్విస్తూ, ప్రతి గడ్డపార దెబ్బకీ మీసం సవరించుకున్నాడు. గోడ గడియారం ఒకటీ పది దాటింది, ఒకటీ పదిహేను దాటింది.

"ఇక చాలు గురూజీ. ఏం చెప్పదలుచుకున్నారో చెప్పండి."

"నీ సాక్షులే మంజుని విడిపించారు నాయనా. కిందవరస చదువు."

లోకేష్ చదివాడు. భుజాలు ఎగరేశాడు. "నిద్రలో నాడి తగ్గుతుంది. అందరికీ తగ్గేదే."

"అందరికీ. ఈ పిల్లకి కాదు. పొద్దున్న నా మొసలి కథకే ఆ గుండె ఒక్క అంకె కదల్లేదు. డాక్టరమ్మని అడుగు. తొంభై రెండున్న నాడి రెండు నిమిషాల్లో యాభై ఆరుకి దిగి, అరగంట అక్కడే కూర్చుని, మళ్ళీ రెండు నిమిషాల్లో తొంభై మూడుకి ఎక్కుతుందా? మధ్యలో రెండుసార్లు గీతలు. గీతలంటే క్లిప్పు వేలి మీద లేదని అర్థం. పాప వేలినుంచి ఊడింది, ఇంకో వేలికి ఎక్కింది. ఆ తొంభై ఎనిమిది పాపది కాదు. పాప అప్పుడు మాస్కు లేకుండా నిద్రపోతూ అరగంటగా మునిగిపోతూనే ఉంది. మంజు ముంచలేదు. తేల్చింది."

లోకేష్ టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పైడిబాబు కోరుకున్న దృశ్యం అదే. ఎందుకో అనుకున్నంత రుచిగా లేదు.

"వేలు మంజుదే అయితే?" అన్నాడు లోకేష్, ఓడిపోని గొంతుతో.

"ఆ వేలు కొళాయి దగ్గర బిందె మెడ పట్టుకునుందని పదిమంది చేత రాయించావుగా. తీగ ఆరు జానలే."

శ్రీలక్ష్మి లేచి కిటికీ గూట్లోంచి ఒక మాత్రల అట్ట తెచ్చింది.

"బీపీ మాత్రలు. ఇది వేసుకుంటే గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందని డాక్టరు చెప్పారు. మా అత్తయ్యవి." గోడ మీది మరక చూపించింది: "ఆముదం రాసుకునేదీ ఆవిడే బాబాయిగారూ."

లోకేష్ ఆ అట్టని తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అడిగిన ప్రశ్నకి పైడిబాబుకి మళ్ళీ కడుపు మండింది, ఎందుకంటే అది తను అడగాల్సిన ప్రశ్న.

"సొంత మనవరాలు. ఆవిడకి పిల్లని చంపాలని ఎందుకుంటుంది గురూజీ?"

"లేదు," అన్నాడు పైడిబాబు. ఇప్పుడు మీసం సవరించుకోలేదు. "నిద్రపుచ్చాలని ఉంది. అంతే. రెండేళ్ళుగా పిల్ల ఆ నర్సు కథలకే కళ్ళు మూస్తోంది. ముసలావిడ గుండెలో అదే ముల్లు. ఆ అరగంట దొరికింది. క్లిప్పు కూస్తే మంజు పరిగెత్తుకొస్తుంది కాబట్టి తన వేలికి పెట్టుకుంది. పిల్లని ఒళ్ళో పడుకోబెట్టుకుని గోడకి ఆనుకుంది. పిల్ల గింజుకోలేదు, మూలగలేదు. గోళ్ళు చూస్తే గోరింటాకు ఎరుపు. హాయిగా నిద్రపోయిందనుకుంది. బిందె చప్పుడవగానే క్లిప్పు తిరిగి పెట్టేసింది. మంజు వచ్చి, అరిచి, మాస్కు పెట్టి, ఇల్లంతా గోల చేసింది. ఆవిడ కళ్ళకి కనిపించింది ఇదీ: నా ఒళ్ళో ఉన్నంతసేపు నా మనవరాలు పువ్వులా ఉంది, అది ముట్టుకున్నాకే ఇలా అయింది. తను వంటింట్లో ఉన్నానన్నదీ, పిల్ల మెలకువగా ఉందన్నదీ కొడుకూ కోడలూ తిడతారని ఆడిన అబద్ధాలు. మిగతాదంతా నమ్మకం."

"ఇప్పటికీ నమ్ముతోందా?" అన్నాడు లోకేష్.

"పొద్దున్న నాతో మాట్లాడినప్పుడు..."

పైడిబాబు మాట మధ్యలో ఆగిపోయింది. శ్రీలక్ష్మి గోడ గడియారం వైపు చూస్తోంది. ఒకటీ ఇరవై ఎనిమిది.

"సాయికి ఇది నిద్రవేళ," అంది. "గదిలో అత్తయ్య ఒక్కతే ఉంది."

లోకేష్ అప్పటికే ఫోను తీసి ఆసుపత్రికి కలిపాడు. స్పీకరు నొక్కి పైడిబాబు ముందు పెట్టాడు. వాడు మంచి పోలీసేనని పైడిబాబు ఆ క్షణంలో ఒప్పుకున్నాడు, పైకి కాదు.

"అపర్ణ హియర్."

"డాక్టరమ్మా, పైడిబాబుని. సాయి నిద్రపోయిందా?"

"లేదట. ఊరికే పడుకుందని పెద్దావిడ చెప్పారు, నిద్రపోతే పిలుస్తానన్నారు. నేను కౌంటర్ దగ్గరున్నాను. అద్దంలోంచి మానిటర్ కనిపిస్తోంది. ఆక్సిజన్ తొంభై ఎనిమిది. ఏం భయం లేదు."

"మానిటర్ని చూడకండి. తీగ చూడండి. గదిలోకి వెళ్ళి, దాని చివర ఎక్కడుందో చూసి చెప్పండి. పరిగెత్తండి."

చెప్పుల చప్పుడు. తలుపు చప్పుడు. శ్రీలక్ష్మి లోకేష్ చొక్కా చెయ్యి పట్టుకుంది. ఫోనులో డాక్టరు ఊపిరి వినిపిస్తోంది, దగ్గరగా, గట్టిగా.

"తీగ మంచం మీద నుంచి దిగింది... పెద్దావిడ కొంగు కిందకి..." ఫోను ఎక్కడో పడింది. దూరంగా అపర్ణ గొంతు, "సిస్టర్, మాస్కు, మాస్కు" అని.

దానికన్నా దగ్గరగా, నెమ్మదిగా, ఎంతో తృప్తిగా ఇంకో గొంతు వినిపించింది.

"ఉష్... అరవకు డాక్టరమ్మా. గుంటకి ఇప్పుడే నిద్దరట్టింది."